తెల్లగీత

ఆఫీసులో ఆమెను ఎదురుగా మేడమ్ అనేవారు, చాటుగా జల్లెడ అనేవారు. ఆ చాటు పేరు ఆమెకు తెలుసు. తెలియనట్టు ఉండేది గానీ, లోలోపల ఇష్టమే.

పొరుగుదేశం వాళ్ళతో వ్యాపారం కలుపుకోబోయేవారు ముందుగా ఆ ఆఫీసుకు వచ్చేవారు. అవతలి మనిషి ఎలాంటివాడు, కోర్టులో కేసులున్నాయా, లైసెన్సు ఎప్పుడైనా పోయిందా, పాత పత్రికల్లో పేరు పడిందా అని వెతికి చెప్పడం ఆమె పని. సరిహద్దుకు అటూ ఇటూ మాట ఒకటే, చట్టాలు వేరు. మంచి కనిపిస్తే మామూలుగా రాసేది. చెడు కనిపిస్తే ఆ వాక్యం కింద ఎర్రగీత గీసేది. ఎర్రగీత పడిన మనిషితో ఎవరూ చేయి కలిపేవారు కాదు.

ఈసారి పని పడవలది. ఇటువైపు రేవు నడిపే ఆవిడ పాత పడవలు తీసేసి కొత్తవి కట్టించాలనుకుంది. అవతల ఒక సరస్సు ఒడ్డున చెక్క పడవలు కట్టే పెద్దాయన గురించి విని, ఆయనతో ఒప్పందానికి సిద్ధపడింది. అందరూ ఫైబర్ పడవలకు మళ్ళడంతో పెద్దాయన షెడ్డుకు గిరాకీ పోయింది. ఈ ఒప్పందం కుదిరితే షెడ్డు నిలుస్తుంది, లేకపోతే తాళం పడుతుంది.

ఆమెకు దొరికింది చిన్న విషయం కాదు. కొన్నేళ్ళ కిందట ఆయన కట్టిన పడవ ఒకటి సరస్సులో మునిగింది. అందులో ఉన్నవాళ్ళలో సగంమంది బతకలేదు. పడవ నడిపినవాడు ఆయన ఒక్కగానొక్క కొడుకు, అతనూ పోయాడు. కోర్టులో పెద్దాయన చెప్పింది ఒకటే మాట: గీత నేనే తప్పుగా గీశాను.

పడవ పక్కన, నీటిమట్టానికి కాస్త పైన, తెల్లరంగుతో ఒక గీత ఉంటుంది. జనం ఎక్కేకొద్దీ పడవ దిగుతుంది. గీతను నీళ్ళు తాకాయంటే ఇక ఒక్కరిని కూడా ఎక్కించకూడదు. అవతలి దేశంలో ఆ గీతను పడవ కట్టినవాడే తన చేత్తో గీయాలి. అది తప్పిందంటే పడవ నడిపేవాడు ఏం చేయగలడు? గీత తప్పుగా గీశానన్న మాట రేవుకు పడవలు కట్టబోయే మనిషి నోటి నుంచే వచ్చింది. ఆమె ఆ వాక్యం కింద మామూలుకన్నా లావుగా ఎర్రగీత గీసింది.

ఆఫీసు పెద్ద చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయనదొక నియమం. ఎర్రగీత పడినవాళ్ళ మాట వాళ్ళ నోటితో వినకుండా రిపోర్టు గుమ్మం దాటకూడదు. నేరం ఆయనే ఒప్పుకున్నాక ఇంకేం వినాలని ఆమె అడిగింది.

"ఒప్పుకున్నవాళ్ళని ఇంకా జాగ్రత్తగా వినాలమ్మా," అన్నాడాయన. "జల్లెడ పట్టేటప్పుడు కిందపడ్డది పిండో పొట్టో ఓసారి చేత్తో చూసుకోవాలి."

ఆ చాటు పేరు ఆయనకూ తెలుసునని ఆమెకు అప్పుడే తెలిసింది.

సరస్సు అవతలికి వెళ్ళడానికి ఆమె ఎక్కిన పడవ కూడా పెద్దాయన కట్టిందే. పడవవాడు మాటకారి. ఇది మునిగినదానికి కవల అన్నాడు, భయపడుతుందేమోనని ఓరకంట చూస్తూ. రెండూ ఒకే అచ్చులో కట్టినవట. రెంటికీ ఒకే పొద్దున, ఒకే కొలకర్రతో పెద్దాయన గీత గీస్తుంటే రంగు డబ్బా పట్టుకున్నది తానేనట. ఆమె వంగి చూసింది. తెల్లగీత నీటికి జానెడు పైన ఉంది. ప్రమాదం తర్వాత దీన్ని మార్చారా అని అడిగింది. ఎందుకు మార్చాలి అన్నాడతను. ఏటేటా ఇన్స్పెక్టర్ వచ్చి, ఇసుక మూటలు వేసి కొలిచి, సరిగ్గా ఉందని ముద్ర వేసి పోతాడట.

"మరి ఆయన తప్పుగా గీశానన్నారు కదా?"

పడవవాడు తెడ్డు గట్టిగా వేశాడు. "ఆయన అన్నాడు, మేం విన్నాం. కొన్ని అడక్కూడదమ్మా."

ఆమె ఆ మాటను పట్టించుకోలేదు. ఈ పల్లెజనానికి ఆలోచించే ఓపిక ఉండదనుకుంది. ఆమె మనసు అప్పటికే పరుగెత్తుతోంది. గీత తప్పని నిజంగా నమ్మినవాడు, అదే గీత ఉన్న రెండో పడవను జనంతో తిరగనిస్తాడా? ముందు ఆ గీత చెరిపేస్తాడు. చెరపలేదంటే గీత తప్పు కాదు. అవతలి చట్టంలో బతికున్నవాళ్ళు బాధ్యత ఒప్పుకుంటే విచారణ అక్కడితో ఆగిపోతుంది, పోయినవాళ్ళ జోలికి వెళ్ళరు. ఈ సంగతి ఆమె ఎన్నో ఫైళ్ళలో చదివింది. పడవ ఒడ్డుకు తగిలేసరికి లెక్క తేలిపోయింది. ఒక మంచి మనిషిని ఎర్రగీత నుంచి బయటపడేస్తున్నానన్న సంతోషంతో ఆమె దిగింది.

షెడ్డులో తడిచెక్క వాసన, తారు వాసన. మధ్యలో సగం కట్టిన పడవ, పక్కటెముకలు బయటపడి ఉంది. పెద్దాయన పొట్టిమనిషి, చేతులు మాత్రం పెద్దవి. ముసలి వడ్రంగి ఒకడు పలక చిత్రిక పడుతున్నాడు. పడవకు అటుపక్క నేల మీద కూర్చుని ఒకామె నీళ్ళు చొరకుండా పలకల సందుల్లో సుత్తితో నార కూరుతోంది. ఆమె పెద్దాయన కోడలు, పోయిన కొడుకు భార్య.

కాసేపటికి కోడలు తలెత్తకుండా అంది. "బాబాయ్, టీ అయింది, వచ్చినావిడకి పోసి, ఆయన్నీ తాగమను."

వడ్రంగి పెద్దాయన వైపు తిరిగాడు. "విన్నారుగా."

"పంచదార తక్కువ వేసిందా అని అడుగు."

"అడుగుతున్నారు."

"వేశానని చెప్పు బాబాయ్."

మధ్యలో ఉన్నది నాలుగు అడుగుల దూరం. ముగ్గురికీ అన్నీ వినబడుతున్నాయి. జల్లెడకు నవ్వొచ్చింది. టీ పోసిస్తూ వడ్రంగి గొంతు తగ్గించి చెప్పాడు. కొడుకు పోయిన నాటి నుంచీ ఆ పిల్ల మామగారితో ఒక్క మాట మాట్లాడలేదట. ఆయన గీసిన గీత తన మొగుణ్ణి ముంచిందన్న కోపం. వెళ్ళిపోదామంటే పుట్టింటివైపు ఎవరూ లేరు. అన్నం వండి పెడుతుంది, ఆయన మొహం మాత్రం చూడదు.

ఆమెకు జాలి వేసింది. ఆ జాలిలోనే తాను తెచ్చిన మాట ఇంకా మంచిదనిపించింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పటి నుంచీ విన్న మాటే. తన నోరు జారుతోందని ఆమె అనుకోలేదు. సరిచేస్తున్నాననుకుంది.

ముందు పద్ధతి ప్రకారం, రిపోర్టులోని ఎర్రగీత సంగతి చెప్పి అడిగింది. కోర్టులో ఒప్పుకున్నది నిజమేనా?

"నిజమేనమ్మా. గీత నాదే. తప్పూ నాదే." ఇంక అడగడానికేం లేదన్నట్టు ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

ఆమె అక్కడ ఆగి ఉండవలసింది. ఆయన చూపు ఒక్క క్షణం పడవకు అటుపక్కకు వెళ్ళి రావడం ఆమె చూసింది కూడా.

"కాదండీ," అంది. "ఆ పడవ కవల మీదే నేను వచ్చాను. అదే గీత. ఏటేటా కొలుస్తున్నారు, సరిగ్గా ఉందంటున్నారు. గీత తప్పని మీరు నమ్మితే దాన్ని అలా వదిలేసేవారా? మీరు సరిగ్గానే గీశారు. గీత మునిగాక కూడా ఎవరో జనాన్ని ఎక్కించారు."

తరగతిలో లెక్క తేల్చి, సుద్దముక్క కింద పెట్టినట్టు చెప్పింది. ఆ గొంతే తర్వాత ఆమెకు చాలాకాలం వినబడింది.

నార కూరే సుత్తి చప్పుడు ఆగిపోయింది. వడ్రంగి చిత్రిక కూడా ఆగింది. పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు.

'ఎవరో' అన్న మాటకు ఆ పడవలో అర్థం ఒక్కడే. జనాన్ని ఎక్కించుకునేవాడు, పడవ నడిపేవాడు. ఆమెకు అది ముందే తెలుసు. తెలిసే అంది. ఆ ఒక్కడి భార్య నాలుగు అడుగుల దూరంలో ఉందన్నది మాత్రం, లెక్కలో వేయనక్కర్లేని అంకెలా, మనసులోకి రాలేదు.

పెద్దాయన చాలా నెమ్మదిగా అన్నాడు. "ఎర్రగీత ఉంచెయ్యండమ్మా. పడవలు పోతే పోయాయి."

కోడలు లేచింది. ఒళ్ళో నార నేల మీద పడింది. పడవ చుట్టూ తిరిగి ఇటు వచ్చి, ఇన్నేళ్ళుగా చూడని మొహాన్ని చూస్తూ నిలబడింది.

"మామయ్యా," అంది.

ఆయన కళ్ళు తెరవలేదు.

"నిజమేనా మామయ్యా?"

"చివరి ట్రిప్పమ్మా. చీకటి పడుతోంది. ఒడ్డున ముసలీ ముతకా ఉన్నారు. దిగండని ఎవరినీ అనలేకపోయాడు. వాడి మనసు నీకు తెలుసు కదా." తర్వాత ఇంకొక్క మాట అన్నాడు. "నన్ను తిట్టుకుంటే నీకు వాడు మిగులుతాడనుకున్నాను."

కోడలు ఏడవలేదు. కుర్చీ అంచున కూర్చున్న జల్లెడ వైపు తిరిగింది. "మీ పని అయిందాండీ?"

ఆమె లేచింది. క్షమించమనడానికి నోరు తెరిచింది, ఏ తప్పుకో చెప్పలేక మూసుకుంది. చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. తిరుగు పడవలో ఆమె గట్టు వైపే చూస్తూ కూర్చుంది. కొన్ని అడక్కూడదన్న పడవవాడి మాట ఇప్పుడు ఆమెకు పూర్తిగా అర్థమైంది. తెలివి తక్కువై అన్న మాట కాదది. ఊరంతటికీ తెలుసు. ఊరంతా కలిసి మోస్తున్నదాన్ని తాను కొత్తగా కనిపెట్టానని వెళ్ళి, ఆ ఇంట్లోనే దింపి వచ్చింది.

మర్నాడు ఆఫీసుకు ఫోను వచ్చింది. కోడలు. గొంతు బొంగురుపోయి ఉంది గానీ మాట తడబడలేదు.

"ఉన్నది ఉన్నట్టు రాయండి. మా ఆయన పేరు కూడా రాయండి. మా మామయ్య ఇంక మోయక్కర్లేదు. ఆయన వద్దంటారు, మీరు రాయండి."

రాస్తానంది ఆమె. ఏదో అనాలనిపించి, నన్ను క్షమించండి అంది.

"మళ్ళీ మా గడప తొక్కకండి," అని ఫోను పెట్టేసింది.

రిపోర్టు రాసింది. పెద్దాయన మాట కింది ఎర్రగీతను తీసేసి, కారణాలు చేర్చింది. ఆఫీసు పెద్ద చివరిదాకా చదివి, కొడుకు పేరున్న చోట వేలు పెట్టాడు. ఇక్కడ గీత లేదేమని అడిగాడు.

"ఆ గీత ఎవరితో చేయి కలపాలో చెప్పడానికి కదండీ. పోయిన మనిషితో ఎవరూ కలపబోవడం లేదు."

ఆయన ఆమె మొహం చూసి, రిపోర్టు మూసి పక్కన పెట్టాడు. ఆ సాయంత్రం వీధి చివరిదాకా ఆమె పక్కన నడిచి, బస్సు వచ్చాక వెనక్కి వెళ్ళాడు. అభినందిస్తాడేమోనని ఆమె దారంతా భయపడింది.

ఒప్పందం కుదిరింది. వానలు వెళ్ళాక మొదటి పడవ ఇటువైపు రేవుకు వచ్చింది. రేవు ఆవిడ పట్టుబట్టి పిలవడంతో జల్లెడ వెళ్ళింది. వెళ్ళి, మెట్ల మీద జనం వెనక నిలబడింది. పడవతోపాటు పెద్దాయనా కోడలూ వచ్చారు. పడవలోకి ఇసుక మూటలు ఎక్కిస్తున్నారు, గీత దగ్గరికి నీళ్ళు వస్తున్నాయో లేదో చూడాలి. పెద్దాయన చెవులు కాస్త మందగించినట్టున్నాయి, కోడలు దగ్గరికి వంగి గట్టిగా చెబుతోంది. ఆ మూట ఇటు జరిపించండి మామయ్యా, మీరు ఎండలో నిలబడకండి మామయ్యా. ఇన్నేళ్ళదీ ఒక్కరోజులో తీర్చేద్దామన్నట్టు మాట్లాడుతోంది.

జనం కదలడంతో జల్లెడ ముందు మెట్టు మీదికి వచ్చేసింది. కోడలు ఆమెను చూసింది. గుర్తుపట్టింది. చూపు తిప్పుకుని, మామగారితోనే అంది.

"మామయ్యా, ఆవిణ్ణి కాస్త పక్కకి జరగమని చెప్పండి. గీత కనబడటం లేదు."

మధ్యలో నాలుగు అడుగులు కూడా లేవు. పెద్దాయన ఇబ్బందిగా ఆమె వైపు తిరిగాడు.

ఆయన నోట ఆ మాట రాకముందే ఆమె పక్కకు జరిగింది.