పడవ పాటకు పడిన కార్డులు

అయిదో వారం కూడా పడవ పాటే మొదటి చోటులో నిలిచింది. ఎఫ్.ఎం. నడిపే రామ్‌కుమార్ కార్డుల కట్ట తెచ్చి అభిరామి బల్ల మీద పెట్టినాడు. విసరలేదు, మెల్లగా పెట్టినాడు. ఆమెకు దానికే ఎక్కువ భయం వేసింది.

"ఇరవై ఆరు కార్డులు. అన్నీ చోళపురం, అన్నీ ఒకే చేతి రాత. నీ ఊరు ఏది?"

"చోళపురమే సార్."

"కార్డులు లెక్క పెట్టేది?"

"నేనే సార్."

"సరి. నేను ఏమీ అనలేదు. ఆదివారం లోపల ఇవి ఎవరు రాసినారో నాకు తెలియాల. లేదంటే ఆ కుర్చీలో ఇంకో పిల్ల కూర్చుంటాది."

రాజపాళయంలో ఆ చిన్న ఎఫ్.ఎం.కు పేరు తెచ్చింది 'పాత పది' ఒక్కటే. నలభై ఏండ్ల కిందట రేడియోలో వారం వారం పది పాటల వరుస వచ్చేది. ఏ పాటకు ఎక్కువ కార్డులు పడితే అది మొదటిది. రామ్‌కుమార్ దాన్నే మళ్ళీ మొదలుపెట్టినాడు. ఫోన్ వద్దు, వాట్సాప్ వద్దు, కార్డే రాయాల అన్నాడు. ముసలివాళ్ళు మళ్ళీ పోస్టాఫీసుకు నడిచినారు. అభిరామి ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. ఇంటికి ఆమె జీతమే ఆధారం.

బస్సులో కిటికీ పక్కన కూర్చొని కార్డులు ఒకటొకటిగా చూసింది. నీలం ఇంకు, గుండ్రటి అరవ అక్షరాలు, ప్రతి పేరు కింద రెండు గీతలు. పేర్లన్నీ తెలిసినవే. అందులో సగం మంది కలం పట్టి ఎరగరు. ఎదురు సీటులోని పోస్టుమ్యాన్ నవ్వితే, ఎందుకు నవ్వినాడు అనిపించింది. టికెట్ వెనక తన పేరు రాసి, కింద రెండు గీతలు గీసి, పక్కన పెట్టి చూసుకొంది. ఒక నిమిషం తన చేతి మీదే ఆమెకు అనుమానం వచ్చింది.

వల్లియమ్మాళ్ అవ్వ గుమ్మంలో కూర్చొని మునగాకు దూస్తా ఉంది. ముప్పై ఏండ్లు స్పిన్నింగ్ మిల్లులో పని చేసిన మనిషి.

"అవ్వా, రేడియోకి కార్డు వేస్తా ఉండావా?"

అవ్వ చెయ్యి ఆగింది. "నిన్ను ఎవరు పంపినారు?"

"ఎవరూ లేదు అవ్వా."

"ఎవరూ పంపనిదే నాలుగు నెలలుగా ఈ పక్క తలతిప్పని పిల్ల నా మునగాకు చూడను వచ్చిందా?"

"ఏ పాట అడిగినావో తెలుసుకొందామని."

"ఊయల పాట. అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. పాపం, దానికి ఎప్పుడూ అదృష్టం లేదు."

అభిరామి కట్టలోంచి కార్డు తీసి చదివింది. "వల్లియమ్మాళ్, చోళపురం. పడవ పాట."

"సరిగా చదువు."

"సరిగానే చదివినా."

"ఎంత వరకు చదివినావు నువ్వు?"

"డిగ్రీ అవ్వా."

"అయితే ఇంకొక సారి చదువు."

ఇంకొక సారి చదివింది. అవ్వ మునగాకు చాటను పక్కకు నెట్టింది.

"టైమ్ ఆఫీసు దామోదరన్ కదా రాసేది. మిల్లు రేడియో మన్రం, అదే సంఘం, దానికి ఆయనే సెక్రటరీ. మా డిపార్ట్‌మెంట్ ఆడవాళ్ళకంతా అప్పటి నుంచీ ఆయనే. మేము చెప్తాము, ఆయన రాస్తాడు, ఆయనే పెట్టెలో వేస్తాడు..." చెప్పే కొద్దీ అవ్వ గొంతు నిదానించింది. "అప్పుడు కూడానా?"

అభిరామి పోస్టాఫీసులో ఒక కార్డు కొనుక్కొని దామోదరన్ ఇంటికి పోయింది. ఎనభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో కలం. గోడ మీద అద్దం కట్టిన పాత కాగితం వేలాడతా ఉంది: పది పాటల పట్టీ, పైన పడవ పాట, పక్కన 'పదకొండో వారం'.

"తాతా, నాకు ఒక కార్డు రాసియ్యండి. ఊయల పాటకు."

ఆయన వెంటనే రాసినాడు. పేరు కింద రెండు గీతలు గీసి జేబులో పెట్టుకోబోతే, అభిరామి చెయ్యి చాపి తీసుకొంది. కార్డులో పడవ పాట అని ఉంది.

"ఊయల పాట అంటిని కదా తాతా."

"అంటివి." కళ్ళజోడు తీసి తుడుచుకొన్నాడు. "అందరూ ఏదో ఒకటి అంటారు అమ్మా. మనిషికొక పాట అంటే ఏ పాట పైకి వస్తాది? మా మిల్లు పేరు రేడియోలో పదకొండు వారాలు వినిపించింది. ఊరికే వినిపించిందా?"

"ఆ ఆడవాళ్ళకు తెలుసునా?"

"పేరు చదివిన దినం మిషన్లు ఆపి చప్పట్లు కొట్టినారు. ఇంకేమి తెలియాల?"

మరుసటి దినం దామోదరన్ సంగతి విని రామ్‌కుమార్ ఆ కార్డును కట్ట పక్కన పెట్టి, అక్షరం అక్షరం చూసినాడు. "సరి, నువ్వు కాదు," అన్నాడు. అంతలోనే, "ఇంక మీద నీ చేతి రాతలో చోళపురం కార్డు ఒకటి వచ్చినా నేను అడగను. నువ్వే లేచి పోవాల."

శనివారం సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి అభిరామి ఇంటి ముందు తొమ్మిది మంది ఆడవాళ్ళు కూర్చొని ఉన్నారు. అందరి చేతుల్లోనూ ఖాళీ కార్డులు. ముందు వల్లియమ్మాళ్.

"ఆయన దగ్గరికి ఇంక పోము. నువ్వు రాయి."

"నేను రాస్తే నా పని పోతాది అవ్వా."

"ఎందుకు పోతాది? నువ్వు కూడా ఏమన్నా మార్చబోతావా?"

అభిరామి కలం తీసింది. వల్లియమ్మాళ్ చెప్పింది చెప్పినట్టు రాసింది. కొంచెం ఆలోచించి కింద ఇంకొక వరస చేర్చింది: 'చెప్పింది వల్లియమ్మాళ్. రాసింది అభిరామి, కార్డులు లెక్క పెట్టే పిల్ల.' దాచితేనే కదా అనుమానం. రామ్‌కుమార్ చూస్తే చూడనీ, అడిగితే వీళ్ళ ముందరికే తీసుకొస్తాను అనుకొంది.

గట్టిగా చదివి వినిపించింది. అవ్వ కార్డు లాక్కొని ఎదురింటికి పోయి, తొమ్మిదో క్లాసు చదివే పాండిసెల్వి చేత చదివించింది. తర్వాత మూలన ఉన్న అంగడికి పోయి చదివించింది. అభిరామి మిగతా ఎనిమిది కార్డులు ముందు పెట్టుకొని కాచుకొంది.

అవ్వ తిరిగి వచ్చి కార్డు తిప్పి చూపింది.

"రెండు చోట్లా ఊయల పాటే అన్నారు. సరి. ఈ పక్క ఏమి రాసినావు?"

"అడ్రస్ అవ్వా."

"ఎవరి అడ్రస్?"