ఉత్తుత్తి పేషెంటు

సిద్దిపేటలో సగం ఇళ్ల గిన్నెల మీద ఉన్నది నా చేతిరాతే. గొప్పలు పోతోందని మీరనుకున్నా సరే, ఉన్నమాట దాచలేను. మాది స్టీలు, ఇత్తడి సామాన్ల దుకాణం. పెళ్లికి బిందె కొన్నవాళ్లు, గృహప్రవేశానికి గిన్నెలు కొన్నవాళ్లు వాటి మీద పేర్లు చెక్కించుకోకుండా పోరు. మా ఆయన కిష్టయ్య చనిపోయిన నెలలోనే ఆ చెక్కే మిషను నా చేతికి తీసుకున్నాను. ఇరవై ఎనిమిదేళ్లయింది. నాకిప్పుడు అరవై తొమ్మిది. కౌసల్యమ్మ చెక్కిన అక్షరం ఇంతవరకు వంకరపోలేదు.

ఈ వేసవిలో ఆయాసం మొదలైంది. మా గోదాం దుకాణం మీది అంతస్తులో ఉంది, పదహారు మెట్లు. సగం ఎక్కి, గోడకు చెయ్యి ఆనించి, ఏదో మరిచిపోయినదాన్ని గుర్తు చేసుకుంటున్నట్టు నిలబడేదాన్ని. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పుల పట్టీల అచ్చులు పడేవి. కోమటిచెరువు కట్ట మీద నడక మానేసి, ఎండలని సాకు చెప్పాను. ఎవరికీ అసలు సంగతి చెప్పలేదు. నా కొడుకు జయరాజ్‌ది రెండేళ్లుగా ఒకటే పాట: "ఇగ చాలమ్మ, ఇంట్ల కూసో." ఒక్క రోగం పేరు బయటపడిందా, మరునాడే దుకాణంలో నా కుర్చీ పోతుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నెలరోజులు నన్నూ ఎవరూ పట్టలేదు.

జయరాజ్ కూతురు సాత్విక నర్సింగు మూడో ఏడు చదువుతోంది. సోమవారం దానికి నోటి పరీక్ష. పేషెంటును తెలుగులో అడగాలి, విన్నదంతా డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పాలి. చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు మీడియమే కాబట్టి ఇంగ్లీషుకు కొదవ లేదు. పేషెంట్లు చెప్పే తెలుగుతోనే దానికి తంటా.

"బాపమ్మ, నువ్వు ఉత్తుత్తిగ పేషెంట్ లెక్క కూసో. ఏదో ఒక రోగం చెప్పు. నేను ఇంగ్లీషుల రాసుకుంట" అంది నోటుబుక్కు తెచ్చి.

"నాకేం రోగమున్నది చెప్పనీకి?"

"ఉత్తగనే గద, ఎవలదన్న చెప్పు."

మొదటిరోజు పక్క దుకాణం బుచ్చయ్య మోకాళ్లు అరువు తెచ్చుకున్నాను. నేను సలుపుతున్నదన్నా, గుంజుతున్నదన్నా, పోటు పొడుస్తున్నదన్నా, సురుకు పుడుతున్నదన్నా అది అన్నింటికీ 'పెయిన్' అనే రాసింది. నాకు ఒళ్లు మండింది.

"గిన్ని తీర్ల నొప్పులుంటే మీ ఇంగ్లీషోళ్లకు ఒక్కటే మాటనా?"

అది పుస్తకం తిరగేసింది. సలుపుకు త్రాబింగ్, గుంజుడుకు క్రాంప్, పోటుకు స్టాబింగ్, సురుకుకు బర్నింగ్. "అన్ని ఉన్నయి బాపమ్మ. నేనే నేర్వలే" అంది. ఆ జవాబు నాకు నచ్చింది. తెలియదని ఒప్పుకున్న పిల్ల ఎప్పటికైనా నేర్చుకుంటుంది. రెండోరోజు కడుపు, తల, నడుము అన్నీ తిరిగొచ్చాం. తెలుగు నాది, ఇంగ్లీషు దానిది.

మూడోరోజు నాకొక దొంగబుద్ధి పుట్టింది. ఆట పేరుతో నా రోగమే చెబితే, అదేమిటో దాని నోటితోనే వినొచ్చు కదా? చెప్పాను. మెట్లెక్కితే ఆయాసమన్నాను. అది 'షార్ట్‌నెస్ ఆఫ్ బ్రెత్' అని పైకి చదువుతూ రాసింది. పాదాల వాపన్నాను, 'స్వెల్లింగ్' అంది. ఏ పనీ చేయకముందే అలసటన్నాను, 'ఫెటీగ్' అంది.

"పండుకున్నప్పుడు తలకింద ఎన్ని మెత్తలు పెట్టుకుంటరు?"

"రెండు. మొన్నటిసంది మూడు."

అబద్ధమాడేవాళ్లు మెత్తలు అంత పక్కాగా లెక్కపెట్టుకోరని నాకు తర్వాత తట్టింది. దానికి అప్పుడే తట్టింది. తల ఎత్తకుండా చివరి ప్రశ్న అడిగింది. అది ప్రతి పేషెంటునూ అడగాలని వాళ్ల పుస్తకంలో ఉందట.

"మీకు అన్నిటికన్న ఎక్కువ రంది దేని గురించి?"

నీ దిగులేమిటని ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు. ఆట సంగతే మరిచిపోయాను. "దుకాణంల నా కుర్చీ పోతదని" అన్నాను.

అదీ రాసింది. పెన్ను మూసి, కింద కూర్చుని, నా పాదం మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉంది.

"బాపమ్మ, గిది ఉత్తుత్తిది కాదు."

"మీ డాడీకి చెప్పకు బిడ్డా."

"చెప్త. కానీ నువ్వు చెప్పింది మొత్తం చెప్త."

ఎత్తుకుని పెంచినదే నాకు ఎసరు పెట్టిందని లోలోపల తిట్టుకున్నాను. మరునాటి పొద్దున దవాఖానకు పోయేదాకా దానితో మాట్లాడలేదు.

గుండె డాక్టరుది ఒడిశా. తెలుగు రాదు. జయరాజ్ దుకాణంలో ఎంతమందినైనా మాటలతో తిప్పుకుంటాడు గానీ అక్కడ వాడి నాలుక పిడచకట్టింది. "షీ ఈజ్ ఫుల్ వీక్ సార్" అని ఆగిపోయాడు. అప్పుడు సాత్విక లేచి నిలబడింది.

తడబడలేదు, పరుగెత్తలేదు. నాకు అర్థమైనవి నేను పక్కన కూర్చుని విన్న మాటలే. షార్ట్‌నెస్ ఆఫ్ బ్రెత్. స్వెల్లింగ్. ఫెటీగ్. పదహారు మెట్లు, మూడు మెత్తలు, నెలరోజులు, అన్నీ ఆ ఇంగ్లీషులో సాగిపోతుంటే నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క కిందపడలేదు. డాక్టరు చేతిలోని ఫోను పక్కన పెట్టి విన్నాడు. ఆయన అడిగితే అది నన్ను తెలుగులో అడిగింది, నేను చెప్పింది ఆయనకు చెప్పింది. జయరాజ్ కూతురిని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. నా కోపం ఎటుపోయిందో నాకే తెలియదు. ఆయాసంతో ఉన్న గుండె అయినా సరే, పొంగిపోయింది. పరీక్ష సోమవారమే కావచ్చు, నా లెక్కలో అది అక్కడే పాసయింది.

గుండెకు ఫొటోలు తీశారు, రక్తం తీశారు. గుండె కొంచెం బలహీనపడిందట, మందులు వాడుతూ ఉప్పు తగ్గిస్తే అదుపులో ఉంటుందట. జయరాజ్‌కు ధైర్యం వచ్చింది.

"ఇగ దుకాణం బందే గద, డాక్టర్ సాబ్‌ను అడుగు" అన్నాడు కూతురితో.

సాత్విక నోటుబుక్కులో చివరి పేజీ తిప్పి, ఒక్క వాక్యం చదివింది. డాక్టరు నా వైపు చూశాడు. ఏం పని చేస్తానని అడిగినట్టున్నాడు. అది చేత్తో అక్షరాలు చెక్కి చూపించింది. ఆయన చాలాసేపు మాట్లాడాడు.

"మెట్లెక్కద్దట. బరువు లేపద్దట. మందులు తప్పద్దట. పది రోజులు ఇంట్ల ఉండాలె. వాపు తగ్గినంక కుర్చీల కూసోని పని చేసుకోవచ్చన్నరు" అంది తండ్రితో.

"డాక్టరన్నడా, నువ్వన్నవా?"

అది డాక్టరు రాసిచ్చిన చీటీ తీసి వాడి చేతిలో పెట్టింది. జయరాజ్ పెదవులు కదుపుతూ చదివాడు. మళ్లీ చదివాడు.

"రోగం అడగనీకొస్తే గీ కుర్చీ సంగతి అడగమని నీకెవలు చెప్పిన్రు?"

"పేషెంటే చెప్పింది. పేషెంట్ చెప్పింది ఒక్కటి గూడ ఇడిచిపెట్టద్దు డాడీ."

జయరాజ్ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయటికొచ్చి ఇంట్లో ఉన్న నా కోడలికి ఫోను చేశాడు. "రజిని, మీది గోదాంల సామానంత కిందికి దించాలె. ఆఁ, ఇయ్యాల్నే. ఏడ పెడతమంటే... అమ్మ కుర్చీ పక్కకే పెట్టిపియ్యి, ఆమె చేతికందాలె గద."

దవాఖాన వసారా నిండా జనం. వాళ్లలో సగంమంది నన్ను ఎరిగినవాళ్లే. సాత్విక చెయ్యి అందించింది. అందరూ చూస్తుండగానే పట్టుకున్నాను.