బేసిన్‌లో తెల్లపొడి

ఒరతై కాపురానికొచ్చిన నాటినుంచీ అత్త చన్‌హోమ్ ఆ పిల్లమీద ఓ కన్నేసే ఉంచింది. బ్యాంకాక్‌లో పెరిగిన కోడలాయె! స్తంభాలమీది ఇంటికింద సిమెంటు తొట్లలో తిండికోసం అమ్మడానికి పెంచే కీచురాళ్ల దగ్గరికెళితే ముక్కు మూసుకుంటుంది. "ఈ కంపు వదిలితే చాలు, హాయిగా వెళ్లిపోవచ్చు" అని ఫోనులో ఎవరితోనో అంటుంటే చన్‌హోమ్ చెవులారా విన్నది. ఆనాటినుంచి కోడలు వండిన కూర కొడుకు తిన్నాకే ముట్టుకునేది.

పురుగుల్ని పట్టి తొట్లు ఖాళీచేసే ముందు దాణా ఆపి గుమ్మడాకులే వేస్తారు. అప్పుడే పురుగుకి దాణా వాసన పోయి వేపుడు కమ్మగా ఉంటుంది, బేరగాడూ వంక పెట్టడు. ఆ డబ్బుతోనే వానల్లోపు కప్పు వేయించాలి. అలాంటి ఆకుల పని కోడలు కోరి నెత్తినేసుకుంటే అత్తకి మింగుడుపడుతుందా?

సాయంత్రం నీళ్లకుండ చాటునుంచి చూసింది. ఒరతై ఆకుల్ని బేసిన్‌లో ముంచి, పొట్లం విప్పి తెల్లపొడి కలుపుతోంది. కోడలు పైకెళ్లగానే చన్‌హోమ్ బేసిన్‌లోదంతా కాలవలో గుమ్మరించింది. పక్కింటి తోంగ్సాయి కంచెమీది తీగనుంచి అడక్కుండానే తాజా ఆకులు కోసుకొచ్చి తొట్లలో పరిచింది. "ఆకులు నేనే వేసేశాలే" అని కోడలితో ముక్తసరిగా అంది. తన తెలివికి తానే మురిసిపోయింది.

తెల్లారేసరికి తొట్లలో ఒక్క పురుగూ కిక్కురుమనలేదు. పురుగులు దాక్కోడానికి పేర్చిన గుడ్ల అట్టలనిండా వెల్లకిలా పడిన పురుగులే.

"ఏం కలిపావే? నిజం చెప్పు!"

"వంటసోడా అత్తయ్యా. పక్కింటి గుమ్మడితీగకి పురుగుమందు కొట్టానని నేను ఆకులు కోసేటప్పుడు తోంగ్సాయి అక్క చెప్పింది. సోడానీళ్లలో నానబెడితే పోతుందనుకున్నా." ఒరతై తొట్టి పక్కన కూలబడి ఏడ్చింది. "ఇంకోసారి కడగాల్సింది. నాదే తప్పు."

తాను నోరు మెదపకపోతే చాలు, నింద కోడలిమీదే ఉండిపోతుంది. ఆ ఆలోచన వచ్చినందుకు చన్‌హోమ్‌కి తనమీద తనకే అసహ్యం వేసింది.

"నీవి పారబోశా. ఇవి నేను ఆ తీగనుంచే కోసినవి, కడగలేదు."

"ఎందుకత్తయ్యా?"

"ఆ తెల్లపొడి చూసి..." అంది చన్‌హోమ్. ఒరతై ఏడుపు ఠక్కున ఆగింది.

"విషం పెడతాననుకున్నారా?"

"అనుకున్నా" అని చన్‌హోమ్ చచ్చిన పురుగుల్ని ఎత్తడానికి తొట్టి పక్కన కూర్చుంది.