టార్పాలిన్ కింద ఆరేళ్లు

నేను ఒక మిరపకాయల తొడిమలు తీసే యంత్రాన్ని. గుంటూరు శివారులో కోటాచారి అనే కమ్మరి పాత సైకిల్ చక్రానికి రెండు ఇనప దువ్వెనలు, ఒక తొట్టి బిగించి నన్ను పుట్టించాడు. అదంతా తన బుర్ర గొప్పతనమని ఆయన అనుకున్నాడు. అసలు కారణం ఆయన భార్య నాంచారమ్మ చేతుల మంట. పొద్దస్తమానం మిరప తొడిమలు తుంచి వచ్చి, చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. అన్నం కలుపుకోలేక చెంచాతో తినేది.

మొదటి రోజే గంటలో బస్తా ఖాళీ చేశాను. నాంచారమ్మ ఏడ్చేసింది. "రేపే మా ముఠా ఆడోళ్లందరికీ చూపిస్తానయ్యా," అంది.

ఆ రేపు రాలేదండీ. సాయంత్రానికల్లా కోర్టు గుమస్తా పేరయ్య దిగబడ్డాడు. "పిచ్చోడా, ఎవడన్నా చూశాడంటే కొట్టేస్తాడు. పేటెంటు కాయితం వచ్చేదాకా దీన్ని పురుగుక్కూడా చూపించమాక!"

దరఖాస్తు వెళ్లింది, నా మీద టార్పాలిన్ పడింది. దరఖాస్తు పెట్టాక బయట తిప్పుకున్నా పోయేదేమీ లేదని చెప్పే నాథుడే లేడు. పేరయ్యకు తెలియదు; తెలియదని ఒప్పుకునే అలవాటు అసలే లేదు.

ఇంకో తమాషా వినండి. రెండో ఏడు పేటెంటు ఆఫీసువాళ్లు, వాళ్ల పద్ధతి ప్రకారం, నా బొమ్మను ఎముకలతో సహా ఇంటర్నెట్లో పెట్టేశారు. ఎవరో అది చూసి, దువ్వెనల బదులు బ్రష్షులు పెట్టి నాకన్నా మంచి యంత్రం చేసుకున్నారట. తప్పేం లేదు, చట్టం కోరేదీ అదే. ఇక నన్ను చూడకూడనివాళ్లు లోకంలో నాంచారమ్మ ముఠా ఒక్కటే మిగిలింది.

"ఏమయ్యా, ఒక్కరోజు బయటికి తియ్యవా? చేతులు భగ్గుమంటన్నాయి."

"కాయితం రానియ్యవే."

ఆరేళ్లు ఇదే పాట. నా గొలుసు తుప్పు పట్టింది. తొట్టిలో ఎలుక కాపురం పెట్టింది. దాన్ని మాత్రం ఎవరూ కాయితం అడగలేదు.

నిన్న పేటెంటు వచ్చింది. పేరయ్య అచ్చు తీయించి తెచ్చేసరికి, అప్పుడే పని నుంచి వచ్చిన నాంచారమ్మ అందుకుంది. ఇరవై ఏళ్లు నన్ను ఇంకెవరూ చేయకూడదట. దరఖాస్తు నాటి నుంచే లెక్కట. అంటే ఆరేళ్లు టార్పాలిన్ కిందే పోయాయి. చేద్దామని ఎవరేడ్చారు గనక!

కోటాచారి పరుగున వచ్చి టార్పాలిన్ లాగి పెడల్ తొక్కాడు. కీచుమన్నాను. గొలుసు తెగింది.

పెడల్ మీంచి కాలు తీసి, ఆమె చేతిలోని కాయితం తీసుకున్నాడు. మూలన నాలుగు ఎర్రటి వేలిముద్రలు.

"కొత్త కాయితం గదే, అప్పుడే ఈ మరకలేంది?"

నాంచారమ్మ రెండు చేతులూ చాపి చూపించింది.