వెనక గదిలో ఉత్తరం

లాప్‌టాప్ డిస్కులో స్వాప్ అనే ముక్కను ఎంచుకుని, డిలీట్ నొక్కి, ఆ చోటంతా విండోస్‌కు కలిపేసి, కొలతల బాబాయి టీ గ్లాసు అందుకున్నాడు. ఇరవై రెండేళ్లుగా అదే రిపేరు దుకాణం, అదే స్టూలు, మందుసీసాల మూతల్లో అవే బుల్లి స్క్రూలు. 'కొలతల' అన్నది లెక్క తప్పడని వీధంతా పెట్టిన పేరు. ఎవరినీ ఏదీ అడగని మనిషి. ఆకలేస్తే వడ్డించమని కూడా అడగడని ఇంట్లో అక్క దెప్పుతూ ఉంటుంది.

ఆ లాప్‌టాప్‌ను ఉదయం ఒకమ్మాయి తెచ్చింది. ప్రూఫులు దిద్దే వాళ్ళ నాన్నదట. ఆయన నాలుగు రోజులుగా ఆసుపత్రిలో ఉన్నాడు. అందులో లినక్స్ ఉంది, తన ఉద్యోగం కోసం పక్కనే విండోస్ కూడా కావాలంది. డిస్కు చూస్తే చిన్నది. స్వాప్ అంటే మెమరీ చాలనప్పుడు సామాను జరుపుకునే వెనక గది. కొత్తగా రెండు జీబీలిస్తే సరిపోవచ్చు. కానీ కంప్యూటర్‌ను ఆపేయకుండా నిద్రపుచ్చే అలవాటుంటే, తెరిచిన కాగితాలన్నీ ఆ గదిలోనే పడుకుంటాయి. అప్పుడు మెమరీ ఎంతుందో అంత, పాత స్వాప్‌లాగే ఎనిమిది జీబీలూ ఇవ్వాలి. ఎందుకో ఈసారి అడుగుదామనిపించి, అమ్మాయి నంబరుకు ఫోన్ చేశాడు.

ఫోన్ ఎత్తింది ఆసుపత్రిలో ఉన్న పెద్దాయన. బాబాయి తానెవరో చెప్పి, ఆ అలవాటు సంగతి అడిగాడు.

"అమ్మాయి మందులకెళ్ళిందండీ. నేనెప్పుడూ నిద్రపుచ్చుతాను. మా అమ్మాయికే రాస్తున్న ఉత్తరం ఒకటి సగంలో ఉంది, సేవ్ చెయ్యలేదు. కాస్త జాగ్రత్త."

బాబాయి టీ గ్లాసు కింద పెట్టేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. తెలియనట్టు ఊరుకుంటే ఎవరూ పట్టుకోలేరు. సిగ్గుతో చచ్చిపోతూనే నోరు విప్పాడు.

"పోయిందండీ. ఒక్క మాట అడక్కుండా తీసేశాను. మీరు చెప్పండి, నేను రాసుకుంటా."

అవతల కాసేపు ఆయాసం వినిపించింది. తర్వాత చిన్న నవ్వు.

"నలభై ఏళ్ళు లోకం తప్పులన్నీ పట్టాను. మీదొకటి మిగిలిందన్నమాట. రాయండి."

రసీదు కాగితం ఒకటి చింపి, వెనక్కి తిప్పి రాశాడు.

"నీ మొదటి వ్యాసంలో పదిహేడు తప్పులు దిద్దాను, కామా, బాగుందని మాత్రం రాయలేదు. చుక్క పెట్టారా?"

"పెట్టానండీ."

"అది చాలా బాగుంది. నలుగురికీ చదివి వినిపించాను, నీకు తప్ప. చుక్క. అంతే."

బాబాయి ఆ కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. విండోస్‌ను కుదించి, ఎనిమిది జీబీలూ స్వాప్‌కే ఇచ్చాడు.

చీకటి పడకముందే అమ్మాయి వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"నాన్న మధ్యాహ్నం పోయారు బాబాయ్. మీ దగ్గర కాగితమేదో ఉంది, అడిగి తెచ్చుకోమన్నారు."

జరిగిన తప్పు చెప్పి, కాగితం ఇచ్చాడు. ఆమె నిలబడే చదివింది. రెండోసారి చదువుతూ భోరుమంది. బాబాయి స్టూలు జరిపాడు. ఆమె కూర్చోలేదు. కాగితాన్ని గుండెకు హత్తుకుని వెళ్ళిపోయింది.

బల్ల మీద పెద్దాయన లాప్‌టాప్ తెరిచే ఉంది. మీటల మీది అక్షరాలన్నీ బాగానే ఉన్నాయి, తప్పులు చెరిపే మీట మాత్రం గుర్తు కూడా మిగలకుండా అరిగిపోయింది.