మెయిన్ దగ్గరి జవాబు

మా ఆయన ఎలక్ట్రీషియన్. తీగ ముట్టుకునే ముందు "తీసేశావా?" అని కేకేస్తాడు. మెయిన్ స్విచ్ దగ్గర నిలబడ్డ మనిషి కరెంటు ఆపి "తీసేశా" అనాలి. అప్పుడు గానీ చెయ్యి పెట్టడు. టెస్టర్ పెట్టి చూసుకోవచ్చు కదండీ అంటే, మనిషి మాట కన్నా టెస్టర్ ఎక్కువా అని నా మీదే ఎగురుతాడు. మొండిఘటం.

ఇన్నేళ్ళూ ఆ జవాబు చెప్పింది మా మరిది. పోయిన ఏడాది గుండెపోటుతో పోయాడు. అప్పటి నుంచి ఆ పని నా నెత్తిన పడింది.

మొన్న వసారాలో లైటు మారుస్తూ ఆయన కేకేశాడు. నేనింకా మెయిన్ మీద చెయ్యి వెయ్యలేదు, నోరు మెదపలేదు. అంతలోనే దబ్బుమని చప్పుడు. షాక్ కొట్టి స్టూలు మీంచి పడ్డాడు. తలకు దెబ్బ తగిలిందని ఆసుపత్రిలో స్కాన్ తీశారు.

"వాడు తీసేశా అన్నాడే," అన్నాడు బల్ల మీద కూర్చుని.

"ఎవరండీ?"

"ఎవరేమిటే, తమ్ముడు."



డాక్టరమ్మ కంప్యూటర్‌లో ఆయన మెదడు చూపించింది. బూడిదరంగు మధ్యలో అక్కడక్కడా సుద్దపొడి రాలినట్టు తెల్లటి మచ్చలు.

"ఇవి దెబ్బ వల్ల వచ్చినవి కావు. మెదడులో ఒక భాగాన్ని ఇంకో భాగంతో కలిపే తీగల్లాంటివి ఉంటాయి. వాటికి నెత్తురు తీసుకెళ్ళే సన్నటి నాళాలు బీపీ వల్ల పాడైతే ఇలా కనిపిస్తాయి. వయసుతో చాలామందికి వస్తాయి. కంగారు పడొద్దు, బీపీ అదుపులో ఉంచండి."

"ఇన్సులేషన్ పోయిందన్నమాట," అన్నాడు ఆయన. "ఊరందరి వైరింగూ చూశాను గానీ నాది చూసుకోలేదు."

డాక్టరమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "వీటి వల్ల లేని గొంతులు వినపడతాయా?" అని అడిగాను.

"మామూలుగా వినపడవు. ఆలోచన కాస్త నెమ్మదిస్తుంది, నడక తడబడొచ్చు. చేసిన పని చెయ్యలేదనీ, చెయ్యని పని చేశాననీ పొరపాటు పడొచ్చు. గొంతుల సంగతి విడిగా చూద్దాం, వచ్చే వారం రండి."

అప్పటి నుంచి ఆయన్ని వెయ్యి కళ్ళతో కనిపెట్టుకుని ఉన్నాను. చెప్పులు వేసుకుంటే చూస్తాను, మాట తడుముకుంటే చూస్తాను. భయం నన్ను నమిలేస్తోంది. ఈసారి వినకూడని జవాబు వింటే మనిషే దక్కడు.

ఈ పొద్దున వంటగదిలో స్విచ్ కాలిపోయింది. వద్దన్నా వినకుండా బోర్డు విప్పాడు. సరే, ఈ సంగతేదో తేల్చుకుందామని ముందు గదిలోకి వెళ్ళి మెయిన్ కిందికి లాగేశాను. కరెంటు లేదు కాబట్టి ప్రమాదం లేదు. ఆయన అడిగినా పలకకూడదనుకున్నాను. నేను చెప్పకుండానే ఆయనకు జవాబు వినపడుతుందో లేదో చూడాలి.

"తీసేశావా?"

పెదాలు బిగించుకుని నిలబడ్డాను. గోడగడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు నా కుడి చెవి పక్కన, బతికున్నప్పటిలాగే విసుగ్గా అన్నాడు మా మరిది:

"తియ్యలేదు, వదినా."

తలెత్తి చూశాను. మెయిన్ పైకే ఉంది. ఎదురుగా ఫ్రిజ్ మీద పచ్చ దీపం వెలుగుతోంది. కిందికి లాగినప్పటి బరువు నా చేతికి ఇంకా తెలుస్తూనే ఉంది.

"ముట్టుకోకండి!" అని గావుకేక పెడుతూ వంటగదిలోకి పరుగెత్తాను.

ఆయన చేతులు కట్టుకుని తాపీగా నిలబడి ఉన్నాడు.

"ఎందుకే ఆ అరుపు? తియ్యలేదని నువ్వే చెప్పావుగా."

"నేనా?"

"నువ్వు కాక ఇంకెవరు? నీ గొంతు నాకు తెలీదా?"

నేను నోరు తెరవలేదు. వసారాలో పడ్డ రోజు కూడా తెరవలేదనే ఇన్నాళ్ళూ ఒట్టేసి చెబుతున్నాను.

ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కుని, ఆసుపత్రికి ఫోన్ చేశాను. వచ్చే వారం దాకా ఆగలేమని చెప్పాను.

"పేషెంటు పేరు చెప్పండి," అంది అవతలి అమ్మాయి.

నా పేరు చెప్పాను.