అయ్యగారి తలుపు బయట

తెల్లవారగానే అయ్యగారు గదిలోకెళ్ళి తలుపేసుకునేవారు. పాస్టరుగా ఆ సంఘానికి వచ్చిన నాటినుంచీ అదే అలవాటు. దేవుడితో ఒంటరిగా గడిపే ఆ కాస్త సమయం లేకపోతే తన బతుకే లేదని ప్రతి ప్రసంగంలోనూ చెప్పేవారు. నిజమే, బయటికొచ్చేసరికి ఆయన మొహం కడిగిన ముత్యంలా ఉండేది.

ఆ నెమ్మది ఎక్కణ్ణుంచి వచ్చేదో ఆయన భార్యకి తెలుసు. సంఘమంతా ఆవిణ్ణి అమ్మగారంటారు. లోపల ఆయన నిశ్చలంగా కూర్చోవాలంటే బయట ఆవిడ కాలుగాలిన పిల్లిలా తిరగాలి. చంటిది ఏడిస్తే చంకనేసుకుని పెరట్లోకి పరిగెత్తాలి. అత్తగారు దగ్గితే వేణ్ణీళ్ళు పట్టుకెళ్ళాలి. గుమ్మంలో ఎవరైనా పిలిస్తే "అయ్యగారు ప్రార్థనలో ఉన్నారండీ" అని గుసగుసలాడి పంపాలి.

ఒకరోజు సరిగ్గా ఆ వేళకే ఫోన్ మోగింది. బావగారు.

"మీ అక్క పోయిందమ్మా. సాయంత్రానికి సమాధి చేసేస్తున్నాం. వెంటనే బయల్దేరు."

తల్లి లేని తనని ఎత్తుకు తిప్పి పెంచిన అక్క. ఆవిడ తలుపు దాకా వెళ్ళింది. తట్టబోయింది. ఇన్నేళ్ళ అలవాటు చెయ్యి పట్టుకుని ఆపేసింది. నోట్లో కొంగు కుక్కుకుని గోడవారగా కూలబడింది. అయ్యగారు బయటికొచ్చేసరికి పొద్దుటి బస్సు వెళ్ళిపోయింది.

సంగతి విని ఆయన ఆవిడ తలమీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు. ఆ తర్వాత మెల్లగా అన్నారు: "ఇవాళ సంఘంలో కూటం ఉంది కదా. ప్రసంగించే పెద్ద దైవజనుడు భోజనానికి మనింటికే వస్తున్నారు. అక్క ఎలాగూ ప్రభువు దగ్గరికి చేరింది. నువ్విప్పుడు వెళ్ళి చేసేదేముంది?"

ఆవిడ వెళ్ళలేదు. వండింది, వడ్డించింది. చెయ్యి కడుక్కుంటూ ఆ దైవజనుడు, "ఈ ఇంట్లో అడుగు పెడితే చాలు, ఎంత విశ్రాంతి తమ్ముడూ!" అన్నాడు. తువ్వాలు అందించింది కూడా ఆవిడే.

మర్నాడు మధ్యాహ్నం పక్కనే ఉన్న చర్చి ఊడవడానికి వెళ్ళి, ఊడ్చాక లోపల గడియ పెట్టుకుంది. చివరి బల్లమీద కూర్చుంది. ప్రార్థన చేద్దామంటే ఊళ్ళోవాళ్ళ మొరలే నోటికొచ్చాయి. ఎవరికో ఉద్యోగం, ఎవరికో సంతానం, ఎవరికో మోకాళ్ళ నొప్పి. తనకంటూ ఒక్క మాటా లేదు. ఉన్నట్టుండి దేవుణ్ణే గట్టిగా అడిగేసింది.

"నిన్న ఆ గదిలో ఆయనతో ఉన్నది నువ్వేగా! బయట నేనున్నానని నీకు తెలుసుగా! ఒక్క మాట చెప్పలేకపోయావా ఆయనకి?"

జవాబు రాలేదు. కానీ నోర్ముయ్యమనీ అనలేదు. మంచినీళ్ళు తెమ్మని, చొక్కా ఎక్కడ పెట్టావని అడగలేదు. ఆ రోజు మొత్తంలో ఆవిణ్ణి ఏమీ అడగనివాడు దేవుడొక్కడే. అప్పుడొచ్చింది ఏడుపు.

కాసేపటికి బయట అయ్యగారి గొంతు. "ఏమే, లోపలున్నావా? ఎవరో వచ్చారు, కాఫీ పెట్టాలి."

"ప్రార్థనలో ఉన్నాను."

"ఇప్పుడేం ప్రార్థన?"

ఆవిడ గడియ తియ్యలేదు. ఆయన నిలబడి నిలబడి వెళ్ళిపోయారు. ఆ మర్నాడూ ఆవిడ గడియ పెట్టుకుంది. ఆ తర్వాత రోజూ పెట్టుకుంది.

ఆదివారం ప్రసంగంలో అయ్యగారు చిరునవ్వు నవ్వారు. "నన్ను చూసి చూసి మా ఆవిడకీ ఏకాంత ప్రార్థన అలవాటైంది." అందరూ హల్లెలూయ అన్నారు. "ఈ బుధవారం నుంచి స్త్రీలందరికీ ఏకాంత ప్రార్థన కూడిక. అమ్మగారే నడిపిస్తారు."

ఏకాంతానికి కూడిక! ఆవిడకి ఏడవలేక నవ్వొచ్చింది. పక్కనున్నావిడ చెయ్యి నొక్కి, "మీరు అదృష్టవంతులమ్మా" అంది.

మంగళవారం అన్నం దగ్గర చెప్పింది. "రేపు అక్క ఊరు వెళ్తున్నాను."

"ఇప్పుడెందుకు? అంతా అయిపోయిందిగా. కూడికెవరు నడుపుతారు? అమ్మనెవరు చూస్తారు?"

"కూడిక మీరు నడపండి. ఏకాంతం సంగతి మీకంటే ఎవరికి తెలుసు? అత్తయ్యగారంటారా, మీ అమ్మే కదా."

చంటిదాన్ని తీసుకుని పొద్దున్నే బస్సెక్కేసింది.

బావగారు గుమ్మంలోనే నిలబెట్టేశారు. "ఇప్పుడా రావడం? చివరిదాకా నీకోసమే అడిగింది." ఆవిడ తలెత్తలేకపోయింది. చివరికి ఆయనే చంటిదాన్ని అందుకుని, సమాధులవైపు చెయ్యి చూపించారు.

ఇంకా రాయి పెట్టలేదు. పచ్చిమట్టి దిబ్బ, పైన వాడిన పూలు. ఆవిడ పక్కనే చతికిలబడింది. కోపం తగ్గలేదు. భర్త మీద, దేవుడి మీద, అన్నిటికంటే తన మీద. ఆ కోపాన్ని దాచకుండా ఉన్నదున్నట్టు దేవుడి ముందు పెట్టుకుని కూర్చుంది. క్షమించమని అడగలేదు, క్షమించానని అనలేదు. లెమ్మని ఎవరూ పిలవలేదు. ఎండెక్కే వేళకి ఆ మట్టిమీదే తల వాల్చి, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.